ఫిక్సిట్ రివ్యూ: పాస్ అయిన టెస్టునే అనుమానించే లింటర్

ముందే చెప్పేస్తాను. ఫిక్సిట్, రఫ్ రెండూ పైథాన్ లింటర్లు, అంటే కోడ్‌ని నడపకుండానే చదివి తప్పులు చూపించే టూల్స్. మీ టీమ్‌లో ఇంకా రఫ్ పెట్టుకోకపోతే ఈ రివ్యూ పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. ఫిక్సిట్ తర్వాతి సంగతి. పైథాన్ రాసేవాళ్లందరూ చేసే తప్పులు రఫ్‌కి తెలుసు. మీ ఆఫీసులో, మీ కోడ్‌లో మాత్రమే జరిగే తప్పులు కొన్ని ఉంటాయి చూడండి, కొత్తగా చేరిన ప్రతివాళ్లూ ఒకసారి చేసి రివ్యూలో సీనియర్ చేత చెప్పించుకునేవి, వాటి కోసం ఫిక్సిట్. ముఖ్యంగా యూనిట్ టెస్టుల్లో, అంటే కోడ్‌లో ఒక్కో ముక్క సరైన జవాబు ఇస్తోందా అని చూసే చిన్న ప్రోగ్రాముల్లో. అసలు కోడ్ తప్పైతే టెస్టు చెబుతుంది. టెస్టే తప్పైతే చెప్పే దిక్కు లేదు.

నేనెవరో రెండు ముక్కలు. అమీర్‌పేటలో టెస్టింగ్ టూల్స్ కోర్సు చేసి బెంగళూరు బస్సెక్కిన బ్యాచ్‌లో మనిషిని. మాన్యువల్ టెస్టింగ్‌తో మొదలుపెట్టి, బ్రౌజర్‌ని తనే నడిపి టెస్టు చేసే సెలీనియం మీదుగా, ఇప్పుడు అవుటర్ రింగ్ రోడ్ మీద మారతహళ్లి దగ్గర ఒక ఆఫీసులో పైథాన్ టెస్టుల బాధ్యత చూస్తున్నాను. మేం గోడౌన్ల వాళ్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. టీమ్‌లో సగం మంది తెలుగువాళ్లం, మిగతావాళ్లు కన్నడ, తమిళం, ఒకరిద్దరు ఒడియా. కోడ్ పాతది, చాలా చేతులు మారింది. టెస్టుల్లో ఎక్కువ భాగం పైథాన్‌తో పాటే వచ్చే యూనిట్‌టెస్ట్ పద్ధతిలో రాసినవి, కొత్తవి పైటెస్ట్ అనే ఇంకో టూల్‌లో. ఫిక్సిట్‌ని మేం ఏడాదికి పైగా వాడుతున్నాం. ఇక్కడ రాసేదంతా ఆ వాడకంలో ఏర్పడిన అభిప్రాయమే.

ఫిక్సిట్ పుట్టింది ఇన్‌స్టాగ్రామ్‌లో. అక్కడి సర్వర్ కోడ్ ఎక్కువగా పైథాన్, దాని మీద వెబ్‌సైట్లు కట్టే జాంగో. అంత పెద్ద కోడ్‌లో ఒక పాత అలవాటు మాన్పించాలంటే అందరికీ మెయిల్ పెడితే జరిగే పని కాదు, కాబట్టి తప్పు చూపించి దాన్ని తనే దిద్దిపెట్టే లింటర్ రాసుకున్నారు. 2023లో మెటా దాన్ని మొదటి నుంచి తిరగరాసి ఫిక్సిట్ 2 పేరుతో వదిలింది. ఎంఐటీ లైసెన్స్, పైసా ఖర్చు లేదు, పైథాన్ ప్యాకేజీలు దింపే పిప్‌తో ఒక్క లైన్‌లో ఇన్‌స్టాల్ అవుతుంది. దీని కింద ఉన్న అసలు ఇంజిన్ లిబ్‌సీఎస్‌టీ, అది కూడా ఇన్‌స్టాగ్రామ్ వాళ్లదే. పైథాన్‌లో ముందు నుంచీ ఉన్న ఏఎస్‌టీ మాడ్యూల్ కోడ్‌ని చెట్టులా విడదీస్తుంది గానీ కామెంట్లు, ఖాళీలు, అనవసరపు బ్రాకెట్లు మింగేస్తుంది. లిబ్‌సీఎస్‌టీ అన్నీ దాచిపెడుతుంది. చెట్టుని మళ్లీ కోడ్‌గా రాయిస్తే పొల్లు పోకుండా మీ ఫైలే తిరిగి వస్తుంది. ఈ ఒక్క తేడా ఎంత పని చేస్తుందో కాసేపట్లో చెబుతాను.

మేం దీని జోలికి ఎందుకు వెళ్లామంటే, ఒక కస్టమర్ అకౌంటెంట్ పెట్టిన మెయిల్ వల్ల. బిల్లులో రెండు పైసలు తేడా. ఆయన పైసా తేడాకి కూడా మెయిల్ పెట్టే రకం, అందులో తప్పు లేదు, ఆయన ఉద్యోగమే అది. లెక్క ఇలా ఉంది: అద్దె 100.50. రాష్ట్రం లోపలి బిల్లు కాబట్టి 18 శాతం జీఎస్‌టీ రెండు ముక్కలవుతుంది, సీజీఎస్‌టీ 9, ఎస్‌జీఎస్‌టీ 9. 100.50లో 9 శాతం 9.045. సగాన్ని పైకి రౌండ్ చేస్తే 9.05, రెండూ కలిపి 18.10. పైథాన్‌లో దశాంశాల లెక్కకి వాడే డెసిమల్ మాత్రం మీరేమీ చెప్పకపోతే సగాన్ని దగ్గర్లోని సరి అంకెకి లాగుతుంది, కాబట్టి 9.04, రెండూ కలిపి 18.08. అసలు విడగొట్టకుండా ఒకేసారి 18 శాతం వేస్తే 18.09. ఒకే బిల్లుకి మూడు జవాబులు! కస్టమర్‌తో ఒప్పందం ప్రకారం మాకు రావాల్సింది 118.60, మా కోడ్ ఇస్తున్నది 118.58.

దీనికి టెస్టు ఉందా అంటే ఉంది. సరిగ్గా ఈ లెక్కకే ఉంది. రావాల్సిన మొత్తం 118.60 అని కూడా అందులో ఎవరో శుభ్రంగా రాసిపెట్టారు. ఆ టెస్టు ఏళ్ల తరబడి పాస్ అవుతూనే ఉంది. మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి స్క్రీన్ నా వైపు తిప్పి అడిగాడు:

"అక్కా, టెస్టు పచ్చగా ఉంది కదా, మరి బిల్లు తప్పెలా వస్తుంది?"

"ఆ లైన్ ఒకసారి పైకి చదువు."

"అసర్ట్‌ట్రూ, బిల్ డాట్ టోటల్, కామా, ఎక్స్‌పెక్టెడ్ టోటల్..." అని చదివి ఆగిపోయాడు. "అయ్యో, ఇది అసర్ట్‌ఈక్వల్ కదా ఉండాలి!"

అదీ విషయం. అసర్ట్‌ఈక్వల్ రెండు విలువలూ సమానమా అని చూస్తుంది, అసర్ట్‌ట్రూ మొదటిది నిజమా అని మాత్రమే. అసర్ట్‌ట్రూకి ఇచ్చే రెండో విలువ పోల్చడానికి కాదు, టెస్టు ఫెయిలైతే చూపించే మెసేజ్ అది. మొదటి విలువ సున్నా కాకుండా ఏదున్నా టెస్టు పాస్. బిల్లు 118.58 వచ్చినా పాసే, పదకొండు లక్షలు వచ్చినా పాసే. పైథాన్ దృష్టిలో ఇందులో తప్పేమీ లేదు, విలువల రకాలు సరిచూసే టైపు చెకర్ కూడా నోరెత్తదు, ఎందుకంటే మెసేజ్ స్థానంలో ఏ విలువైనా ఇవ్వనిస్తారు. టెస్టులు ఏయే లైన్లు నడిపాయో చెప్పే కవరేజ్ రిపోర్టులో ఆ లైన్లన్నీ నిండుగా నడిచినట్టే కనిపిస్తాయి. అది రాసినాయన కంపెనీ వదిలి ఎప్పుడో వెళ్లిపోయాడు, ఆయన్ని అని లాభం లేదు. అదే ఫైల్‌లోంచి కాపీ కొట్టి రాసిన టెస్టులు ఇంకెన్ని ఉన్నాయన్నదే మా టెన్షన్.

ఫిక్సిట్‌తో వచ్చే రూల్స్‌లో ఈ తప్పుకి ఒకటి రెడీగా ఉంది. అసర్ట్‌ట్రూలో రెండో విలువగా అంకె గానీ, లిస్ట్ గానీ కనిపిస్తే పట్టుకుని, ఈక్వల్‌గా మార్చిపెడుతుంది. అది నడపగానే కొన్ని దొరికాయి. కానీ మా బిల్లు టెస్టు దొరకలేదు! ఎందుకంటే మాదాంట్లో రెండో చోట ఉన్నది అంకె కాదు, వేరియబుల్, అంటే విలువకి పెట్టుకున్న పేరు. వేరియబుల్ పేరు చూసి అందులో నిజంగానే మెసేజ్ ఉందో, పోల్చాల్సిన విలువ ఉందో బయటి టూల్ ఎలా చెప్పగలదు? అది అక్కడ ఆగిపోవడం న్యాయమే. మాకు మాత్రం తెలుసు. మా టీమ్‌లో మొదటి నుంచీ ఒక ఆనవాయితీ: టెస్టులో రావాల్సిన విలువ పెట్టే ప్రతి వేరియబుల్ పేరూ ఎక్స్‌పెక్టెడ్ అనే మొదలవుతుంది. మెసేజ్‌కి ఆ పేరు ఎవరూ పెట్టరు. ఆ సంగతి ప్రపంచంలో ఏ రెడీమేడ్ లింటర్‌కీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

మేం రాసిన మొదటి సొంత రూల్ అదే. రూల్ అంటే ఫిక్సిట్ ఇచ్చే లింట్‌రూల్ నుంచి వచ్చే ఒక మామూలు పైథాన్ క్లాస్. అందులో విజిట్ కాల్ అనే మెథడ్ రాస్తే, ఫైల్‌లో ఫంక్షన్‌ని పిలిచిన ప్రతి చోటా ఫిక్సిట్ ఆ మెథడ్‌ని నడుపుతుంది. పిలిచిన పేరు అసర్ట్‌ట్రూనా? రెండు విలువలు ఇచ్చారా? రెండోది ఎక్స్‌పెక్టెడ్‌తో మొదలయ్యే పేరా? మూడిటికీ అవునంటే రిపోర్ట్ అని పిలుస్తాం, దానితో పాటే పేరు అసర్ట్‌ఈక్వల్‌గా మార్చిన కొత్త నోడ్‌ని (ఆ కోడ్ చెట్టులో ఒక కొమ్మని) కూడా ఇస్తాం. అంతే. లిబ్‌సీఎస్‌టీలో మ్యాచర్లు అని ఉంటాయి, వాటితో ఈ మూడు ప్రశ్నలూ ఒకే నమూనాగా రాసేయొచ్చు. మ్యాచర్లు లేకుండా ఇఫ్ లోపల ఇఫ్ పెట్టుకుంటూ రాసిన రూల్స్ కూడా చూశాను, వాటిని చదవడం కంటే కొత్తది రాసుకోవడం సులువు.

అది నడిపిన రోజు సాయంత్రం సీఐ, అంటే టెస్టులన్నీ తనంతట తనే నడిపే సర్వర్, ఎర్రబడింది. కావాల్సింది కూడా అదే. కొత్తగా ఫెయిలైన టెస్టుల్లో కొన్నిటిలో నిజంగా కోడ్ తప్పు, రౌండింగ్ బిల్లు అందులో ఒకటి. ఇంకొన్నిటిలో కోడ్ బాగానే ఉంది, రావాల్సిన విలువ అని రాసిందే పాతబడిపోయింది, ఎప్పుడో రేటు మారినా ఆ టెస్టు ఎవరినీ ఆపలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఏది ఏ రకమో తేల్చడం మనిషి పని, దానికి ఏ టూలూ లేదు. ఆ పని మాకు రూల్ రాయడం కంటే చాలా ఎక్కువ కాలం పట్టింది. మేనేజర్‌కి ముందే చెప్పి పెట్టుకోండి, లేకపోతే "లింటర్ పెట్టాక బగ్స్ పెరిగాయేంటి" అని అడుగుతారు.

ఫిక్సిట్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది రూల్‌కి టెస్టులు రూల్ లోపలే ఉండటం. ప్రతి క్లాస్‌లోనూ వాలిడ్ అని ఒక లిస్ట్, ఇన్‌వాలిడ్ అని ఒక లిస్ట్ పెడతాం. మొదటి దాంట్లో రూల్ ముట్టుకోకూడని కోడ్ ముక్కలు, రెండో దాంట్లో పట్టుకోవాల్సినవి, దిద్దాక ఎలా ఉండాలో దానితో సహా. ఫిక్సిట్ టెస్ట్ అనే కమాండ్ కొడితే అవన్నీ నడుస్తాయి. వేరే ఫైల్ తెరవక్కర్లేదు, టెస్టుకి కావాల్సిన సరంజామా (ఫిక్స్చర్లు) కట్టక్కర్లేదు. రూల్ ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే మా జూనియర్లు కోడ్ చదవరు, ఈ రెండు లిస్టులే చదువుతారు. పీఆర్ (మార్పుని అసలు కోడ్‌లో కలపమని పెట్టే అభ్యర్థన) రివ్యూలో నేను కూడా ముందు అవే చూస్తాను.

రెండో రూల్ డబ్బుకి సంబంధించింది. మా కోడ్‌లో మొత్తాలన్నీ మనీ అనే సొంత క్లాస్‌లో నడుస్తాయి, లోపల డెసిమల్. దానికి ఫ్లోట్ (కొటేషన్లు లేని మామూలు దశాంశ సంఖ్య) ఇవ్వకూడదు, స్ట్రింగ్‌గానే (కొటేషన్ల మధ్య అక్షరాలుగా) ఇవ్వాలి. ఎందుకో తెలియనివాళ్లు పైథాన్‌లో డెసిమల్‌కి 0.1 ఫ్లోట్‌గా ఇచ్చి ప్రింట్ చేసి చూడండి, 0.1000000000000000055 అంటూ తోకలా సాగుతుంది. నేరుగా డెసిమల్ వాడితే ఈ తప్పుని రఫ్ పట్టుకుంటుంది, దానికి రూల్ ఉంది. మా మనీ క్లాస్ సంగతి దానికెలా తెలుస్తుంది? అందుకని మనీకి ఫ్లోట్ ఇస్తే దాని చుట్టూ కొటేషన్లు పెట్టే రూల్ రాసుకున్నాం.

ఇందాక దాచిపెట్టడం గురించి చెప్పింది ఇక్కడ పనికొచ్చింది. టెస్టులో ఎవరో 99.50 అని రాశారనుకోండి. ఏఎస్‌టీ మాడ్యూల్‌తో చూస్తే అది 99.5 అయిపోయి ఉంటుంది, చివరి సున్నా పోయింది. లిబ్‌సీఎస్‌టీలో ఆ నోడ్ లోపల 99.50 అని రాసింది రాసినట్టు అక్షరాల్లో ఉంటుంది. మాకు ఆ సున్నా ముఖ్యం, ఎందుకంటే డెసిమల్ ఎన్ని స్థానాలు ఇచ్చామో గుర్తుపెట్టుకుంటుంది, బిల్లు మీద 99.5 అని ప్రింట్ అయితే చూడటానికే బాగుండదు. ఫిక్సిట్ దిద్దిన ఫైల్‌లో సున్నాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, పక్కనున్న కామెంట్లు కూడా కదల్లేదు. పాత, కొత్త ఫైళ్ల తేడా చూపించే డిఫ్‌లో మారినవి కొటేషన్లు మాత్రమే. ఆటోమేటిక్‌గా దిద్దే టూల్స్ మీద నాకున్న భయం చాలావరకు అక్కడే పోయింది.

ఆ రూల్ పీఆర్‌లో మా అబ్బాయి ఇంకో ప్రశ్న వేశాడు: "అక్కా, క్రెడిట్ నోట్‌లో మైనస్ మొత్తాలుంటాయి కదా, అవి పట్టుకుంటుందా?" మంచి ప్రశ్న. పైథాన్ వ్యాకరణంలో మైనస్ 99.50 అనే అంకె లేదు. 99.50 అనే అంకె, దాని ముందు మైనస్ అనే ఆపరేషన్, రెండూ వేరు. ఫ్లోట్ కోసం మాత్రమే వెతికే రూల్‌కి అది కనిపించదు. ఇన్‌వాలిడ్ లిస్ట్‌లో ఒక లైన్ చేర్చి, ఫెయిలవడం చూసి, రూల్‌లో ఆ రకాన్ని కూడా కలిపాం. ఇంకో తిరకాసు వేరే ఫైల్ నుంచి క్లాస్‌ని తెచ్చుకునేటప్పుడు (ఇంపోర్ట్) పేరు మార్చుకునేవాళ్లు. మనీని ఎమ్ అని పెట్టుకుంటే పేరు చూసే రూల్ ఏం చేస్తుంది పాపం. దానికి లిబ్‌సీఎస్‌టీలోనే క్వాలిఫైడ్ నేమ్ ప్రొవైడర్ ఉంది. రూల్‌లో అది కావాలని ఒక లైన్‌లో రాసుకుంటే, ఆ ఎమ్ నిజంగా ఏ మాడ్యూల్ నుంచి వచ్చిందో అదే చెబుతుంది.

ఇక బాగోలేనివి. ముందు డాక్యుమెంటేషన్. ఉన్నది బాగానే ఉంటుంది, చాలా కొంచెం ఉంటుంది. సొంత రూల్ ఎలా రాయాలో చూపించే ఉదాహరణ పాల్ అనే పేరు కనిపిస్తే మేరీ అని మార్చేది. అక్కడి నుంచి అసర్ట్‌ట్రూ దాకా రావడానికి లిబ్‌సీఎస్‌టీ డాక్యుమెంట్లు విడిగా చదువుకోవాలి. ఒక కోడ్ ముక్క ఏ ఏ నోడ్లుగా విడిపోతుందో చూడటం అలవాటు కాకపోతే మొదటి రూల్ దగ్గర తల వాచిపోతుంది. అది చూడటానికి లిబ్‌సీఎస్‌టీలో ప్రింట్ కమాండ్ ఉంది. ఇంకో మాట, నెట్‌లో వెతికితే పాత ఫిక్సిట్ 1 పాఠాలు ఇప్పటికీ ముందు వస్తుంటాయి. అందులో క్లాస్ పేరు సీఎస్‌టీ లింట్‌రూల్, సెట్టింగ్స్ యామల్ ఫైల్‌లో. ఇప్పుడు ఉత్త లింట్‌రూల్, సెట్టింగ్స్ పైప్రాజెక్ట్ టామ్ల్ అనే ఫైల్‌లో. ఆ పాత పేరు కనిపించిన పేజీ అక్కడే మూసేయండి.

రెండోది వేగం. రఫ్ వేగంగా నడిచే రస్ట్ భాషలో రాసింది, మా రిపో (కోడంతా ఉండే చోటు) మొత్తాన్ని ఎంటర్ కొట్టి చెయ్యి తీసేలోపు చూసేస్తుంది. ఫిక్సిట్‌తో మొత్తం రిపో నడిపితే కిందికెళ్లి టీ తాగి రావచ్చు. ప్రాసెసర్ కోర్లన్నీ వాడుకుంటుంది, అయినా రూల్స్ అన్నీ పైథాన్‌లో నడిచేవే కదా. మేం కమిట్‌కి (మార్పుని రిపోలో నమోదు చేయడానికి) ముందు మారిన ఫైల్స్ మీదే నడుపుతాం, మొత్తం రిపో రాత్రి పూట సీఐలో నడుస్తుంది. అలా సర్దుకున్నాక ఎవరూ గొణగలేదు.

మూడోది కొంచెం పెద్దది: ఫిక్సిట్ ఒక్కో ఫైల్‌ని విడివిడిగా చూస్తుంది. పక్క ఫైల్‌లో ఏముందో దానికి తెలియదు. ఒక్క అసర్ట్ (జవాబు సరిచూసే లైన్) కూడా లేని టెస్టుల్ని పట్టుకుందామని మేం ఒక రూల్ రాశాం. ఐడియా బాగుంది, ఆచరణలో మాత్రం అరిచి గోల చేసింది. మా టెస్టులు చాలావరకు వేరే ఫైల్‌లో ఉన్న హెల్పర్ ఫంక్షన్‌ని పిలుస్తాయి, అసర్ట్‌లు ఆ హెల్పర్ లోపల ఉంటాయి. రూల్‌కి అది కనబడదు కాబట్టి మంచి టెస్టుని కూడా తిట్టింది. చెక్ అని మొదలయ్యే హెల్పర్లని వదిలేయమన్నాం, వెరిఫై అని పేరు పెట్టుకున్నవాళ్లు లేచారు. చివరికి ఆ రూల్ తీసేశాం. అబద్ధం చెప్పే రూల్ ఉంటే జనం ప్రతి లైన్ పక్కనా ఇగ్నోర్ కామెంట్ అతికించడం అలవాటు చేసుకుంటారు, ఆ చేత్తోనే నిజం చెప్పే రూల్స్‌ని కూడా మూయిస్తారు. ఫైల్ దాటి టైపులు ఊహించాలంటే పైలింట్ అనే ఇంకో లింటర్ వైపు చూడండి, దాని కింద ఉన్న ఆస్ట్రాయిడ్ ఆ పని చేస్తుంది. దానికి సొంత చెకర్ రాయడం మాత్రం ఇంతకంటే ఎక్కువ తతంగం, పైగా దిద్దిపెట్టదు, చెప్పి ఊరుకుంటుంది. ఫ్లేక్8 అనే మరో లింటర్ ప్లగిన్ల సంగతీ అంతే.

ఇగ్నోర్ అంటే గుర్తొచ్చింది. ఫిక్సిట్‌లో రూల్‌ని ఒక లైన్ దగ్గర ఆపడానికి రెండు రకాల కామెంట్లున్నాయి, లింట్ ఇగ్నోర్, లింట్ ఫిక్స్‌మీ. టూల్‌కి రెండూ ఒకటే, మనుషులకే తేడా. ఇగ్నోర్ అంటే ఇది తెలిసే ఇలా రాశాం, ఫిక్స్‌మీ అంటే ఇప్పుడు టైమ్ లేదు, తర్వాత చూస్తాం. మా దగ్గర ఇగ్నోర్ పెడితే పక్కన కారణం రాయాలి, లేకపోతే పీఆర్ ఆపుతాను. ఫిక్స్‌మీలు ప్రతి స్ప్రింట్ (ఒక విడత పని) చివర గ్రెప్‌తో వెతికి లిస్ట్ తీసి గ్రూపులో పెడతాను. ఎవరి పేరూ రాయను, ఏ లైన్ ఎవరు రాశారో చూపే గిట్ బ్లేమ్ అందరికీ వచ్చు.

సెమ్‌గ్రెప్ అనే ఇంకో టూల్ కూడా వాడి చూశాం. యామల్‌లో నమూనా రాస్తే చాలు, పైథాన్ తప్ప ఇంకేదీ తెలియని ఇంజిన్ కాదు, గో, జావా భాషలు కూడా చూస్తుంది. మా పక్క టీమ్ గోలో రాస్తారు, వాళ్లకి అదే సరైనది. మీ రూల్ "ఇలాంటి కోడ్ కనిపిస్తే చెప్పు" అనే స్థాయిలో ఉంటే సెమ్‌గ్రెప్‌లో ఫిక్సిట్ కంటే త్వరగా అయిపోతుంది. మైనస్ మొత్తాల్లాంటి చిక్కులొచ్చి, షరతు మీద షరతు పెట్టాల్సి వస్తే మాత్రం యామల్ కంటే పైథాన్‌లో రాసుకోవడమే హాయి, కనీసం నాకు.

ఏదో ఒక ఫంక్షన్ వాడొద్దు అని చెప్పడమే మీ అవసరమైతే ఇదేదీ అక్కర్లేదు. రఫ్‌లోనే నిషేధించిన పేర్ల లిస్ట్ పెట్టుకోవచ్చు, మెసేజ్ కూడా మనమే రాసుకోవచ్చు. రఫ్‌కి సొంత ప్లగిన్ రాసే వీలు లేదు, ఈ లిస్ట్ మాత్రం చాలా వాటికి సరిపోతుంది. అలాగే టెస్టులో అసలు దాని బదులు పెట్టే డమ్మీల (మాక్ ఆబ్జెక్టుల) మీద అసర్ట్ అనే మాట మర్చిపోయి కాల్డ్ వన్స్ అని మాత్రమే రాసే తప్పు ఉంది చూశారూ, మాక్ ఆ పేరుతో కొత్త మాక్ తయారు చేసి ఇచ్చేస్తుంది, టెస్టు పాస్ అయిపోతుంది. దానికి మేం రూల్ రాద్దామనుకునే లోపే రఫ్‌లో ఉందని తెలిసింది, పైథాన్ 3.12 నుంచి అయితే పైథానే ఎర్రర్ ఇస్తుంది. రూల్ రాయబోయే ముందు ఇంకెవరైనా రాశారేమో వెతకండి.

మెసేజ్ సంగతి ఒకటి చెప్పాలి. మొదట్లో మా రూల్స్ మెసేజ్‌లన్నీ "ఇది వాడకూడదు" అనే ధోరణిలో ఉండేవి. మా కన్నడ సహోద్యోగిని ఒకావిడ నవ్వుతూ, మరి ఏం వాడాలో కూడా మీరే చెబితే మీ సీటు దాకా నడిచే పని తప్పుతుంది కదా అంది. ఇప్పుడు ప్రతి మెసేజ్‌లో రెండు వాక్యాలుంటాయి: ఏం చేయాలి, చేయకపోతే ఏమవుతుంది. అసర్ట్‌ట్రూ రూల్ మెసేజ్‌లో ఆ 118.58 బిల్లు కథ ఒక్క ముక్కలో ఉంది. అది చదివినవాళ్లు మళ్లీ అడగడానికి రాలేదు.

పెట్టుకోవాలనుకునేవాళ్లకి ఒక సలహా. ఫిక్సిట్ రాగానే దాని సొంత రూల్స్ అన్నీ ఆన్‌లో ఉంటాయి. పాత రిపో మీద అలాగే నడిపితే వందల లైన్ల రిపోర్ట్ వచ్చి జనం బెదిరిపోతారు. వాటిని డిసేబుల్ చేసి, టెస్టుల్లో తప్పులు పట్టే ఒకటి రెండు ఉంచుకుని, మీ రూల్స్ ఫోల్డర్‌ని ఎనేబుల్ లైన్‌లో చేర్చండి. ఫోల్డర్ పేరు ముందు చుక్క పెట్టడం మర్చిపోవద్దు, రూల్స్ ఇదే రిపోలో ఉన్నాయని దానికి తెలిసేది ఆ చుక్క వల్లే. ఫిక్స్ కమాండ్ మామూలుగా ఒక్కో మార్పునీ చూపించి అడుగుతుంది. ఆటోమేటిక్ మోడ్‌కి అప్పుడే వెళ్లకండి, మొదటి వారం ఒక్కోటీ చూసే ఒప్పుకోండి, రూల్‌లో ఉన్న లోపాలు అక్కడే బయటపడతాయి. ఇంకోటి, రూల్ అంటే సీఐలో నడిచే పైథాన్ కోడ్. రూల్స్ ఫోల్డర్‌లో మార్పుని కూడా అసలు కోడ్ అంత జాగ్రత్తగా రివ్యూ చేయండి.

నలుగురున్న చిన్న టీమ్, కొత్త రిపో, అందరూ ఒకే గదిలో కూర్చుంటారు అంటే ఫిక్సిట్ అక్కర్లేదు, నోటితో చెబితే సరిపోతుంది. కోడ్ పాతది, మనుషులు మారుతుంటారు, టెస్టుల్లో కాపీ పేస్ట్ ఎక్కువ అంటే తప్పకుండా చూడండి. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒకటి డాక్యుమెంటేషన్‌కి తగ్గించాను, వేగానికి కాదు.

ప్రస్తుతం మేం రాస్తున్నది తేదీల రూల్. సీఐ మెషీన్ గడియారం ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో ఉంటుంది, మనం ఐదున్నర గంటలు ముందు. అర్ధరాత్రి నుంచి తెల్లవారి ఐదున్నర దాకా మన ల్యాప్‌టాప్‌లో ఒక తేదీ, అక్కడ ఇంకో తేదీ. మామూలు రోజుల్లో పర్లేదు, ఏప్రిల్ 1న మాత్రం ఆర్థిక సంవత్సరం మారి బిల్లు నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. టెస్టులో ఇవాళ్టి తేదీ అడగొచ్చు, కానీ పైన గడియారం ఆపే డెకరేటర్ (ఫంక్షన్ లేదా క్లాస్ పై లైన్‌లో తగిలించే గుర్తు) ఉంటేనే. ఉందా లేదా అని డెకరేటర్లు వెతికి చూడాలి కాబట్టి రఫ్ నిషేధాల లిస్ట్‌తో అయ్యేది కాదు. పీఆర్ ఇంకా రివ్యూలోనే ఉంది, క్లాస్ మీద పెట్టిన డెకరేటర్‌ని గుర్తుపట్టడం దగ్గర ఆగాం. మార్చి 31 లోపు మెర్జ్ అవ్వాలి.